పైలట్ జీతం ఎవరివ్వాలి?

కృష్ణపట్నానికి వచ్చే బొగ్గు ఓడను కెప్టెన్ ఒక్కడే బెర్తుకు, అంటే సరుకు దించే చోటుకు చేర్చడు. సముద్రంలో వేగం తగ్గించి, ఆ రేవు నీళ్లు బాగా తెలిసిన నావికుడు, అంటే పైలట్ కోసం ఎదురుచూస్తాడు. పైలట్ చిన్న లాంచీలో వెళ్లి, కెరటం లాంచీని పైకెత్తిన క్షణంలో ఓడ పక్కన వేలాడే తాడు నిచ్చెన అందుకోవాలి. లెక్క తప్పితే రెండు ఇనుప గోడల మధ్య నలిగిపోతాడు. పైకి చేరాక ఛానల్లో, అంటే రేవుకు చేర్చే లోతైన దారిలో ఓడను నడిపించేది, దాన్ని లాగే, నెట్టే టగ్గు పడవలకు ఆదేశాలిచ్చేది ఆయనే.

ఆయనకున్న అసలు అధికారం ‘ఈ గాలిలో వద్దు’ అనడం. ఓడ ఆగితే రేవు నిర్వాహకులకు నష్టం. మన ప్రైవేటు రేవుల్లో సాధారణంగా పైలట్ సేవలు ఆ నిర్వాహకుల చేతిలోనే ఉంటాయి. పైలట్లు ఎంత నిజాయతీపరులైనా, జీతమిచ్చే చేతికి ఎదురు చెప్పాల్సిన స్థితిలో వారిని నిలబెట్టడం తప్పు.

రేవు ముంగిట తప్పు జరిగితే ఎవరు మునుగుతారో 2017 జనవరి 28న చెన్నై దగ్గరి ఎన్నూరులో చూశాం. రేవు నుంచి వెళ్తున్న ఓడ, రేవులోకి రావాల్సిన ఓడ ఢీకొన్నాయి. ఒలికిన చమురు తీరాన్ని నల్లగా కమ్మేసింది, మత్స్యకారుల వేట ఆగిపోయింది. 2024 మార్చిలో అమెరికాలోని బాల్టిమోర్‌లో విద్యుత్తు పోయిన ఓడ వంతెన వైపు కొట్టుకుపోతుంటే, పైలట్ల హెచ్చరిక అందుకున్న పోలీసులు వాహనాలను ఆపారు. వంతెన మీద పనిచేస్తున్న ఆరుగురు చనిపోయారు. ఆ హెచ్చరికే లేకుంటే ఇంకెందరో! పైలట్ ఓడకే కాదు, ఒడ్డుకూ కాపలాదారు.

1908 నాటి రేవుల చట్టం తాను ప్రత్యేకంగా వర్తించే రేవుల్లో 200 టన్నులు, అంతకు మించిన ఓడలకు పైలట్‌ను తప్పనిసరి చేస్తూనే, పైలట్ తప్పుకు ప్రభుత్వం బాధ్యత వహించదని రాసుకుంది. దాని స్థానంలో పార్లమెంటు 2025లో కొత్త చట్టం చేసింది. ఇక రాష్ట్రం పక్కకు తప్పుకోకూడదు.

పైలట్ సేవలను ప్రభుత్వం చేతికిస్తే ఖాళీలు నింపరు, ఓడలు బారులు తీరుతాయన్న భయం న్యాయమైనదే. కెనడాలో ప్రభుత్వ రంగ పైలట్ సేవల సంస్థలు నాలుగున్నాయి. ఓడల నుంచి వచ్చే రుసుముతోనే తమ ఖర్చు తాము భరించాలన్నది వాటికి పెట్టిన నియమం. బడ్జెట్ కేటాయింపుల కోసం ఎదురుచూసే అవసరం లేకుంటే నియామకాలూ ఆగవు.

రాష్ట్ర ప్రభుత్వమే నిర్మిస్తున్న రామాయపట్నం రేవు ఇందుకు సరైన చోటు. అక్కడ పైలట్ల నియామకం, డ్యూటీ పట్టిక, ఛానల్ మూసే నిర్ణయం రేవులు చూసే రాష్ట్ర సంస్థ మారిటైమ్ బోర్డు తన దగ్గరే ఉంచుకోవాలి. ఓడ కదిలే వేళలు ముందుగానే చుట్టుపక్కల మత్స్యకారుల పల్లెపాలేలకు ఫోన్లో తెలపాలి. రాత్రిపూట వలలు వేసి ఉండే ఫైబర్ పడవలు ఓడ పైనున్నవారికి తేలిగ్గా కనిపించవు.