పాచి గారికి ఒక కబ్జా బాధితుడి లేఖ

నా కింది పళ్ళ వెనకాల స్థిరపడిపోయిన పాచి గారికి,

మారతహళ్ళి పీజీ మూడో అంతస్తు నుంచి మీ స్థలం ఓనరు రాస్తున్నది.

మీ గురించి ఉత్తరం రాయడం నాతోనే మొదలు కాదు. 1683లో హాలండ్‌లో లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి తన పళ్ళ సందుల్లోంచి మిమ్మల్ని గీకి, మైక్రోస్కోప్‌లో పెట్టి చూసి, లోపల పురుగులు గంతులేస్తున్నాయని లండన్ రాయల్ సొసైటీకి రాశాడు. ఆయనది ఆశ్చర్యం, నాది ఫిర్యాదు.

బెంగుళూరులో చెరువులు మింగినవాళ్ళను చూశాను గానీ ఇంత పద్ధతైన కబ్జా చూడలేదు. నేను తోముకున్న కాసేపటికే లాలాజలంలోని ప్రోటీన్లు పంటి మీద పల్చటి పొర పరుస్తాయి. మీకు అదే రిజిస్ట్రేషన్. ముందు నాలుగు బ్యాక్టీరియాలొచ్చి గుడిసె వేస్తాయి, వాటి చెయ్యి పట్టుకుని చుట్టాలు దిగుతారు. నా కాఫీలోని చక్కెరతోనే జిగురు చేసుకుని గోడలు కడతారు. అదే చక్కెర తిని యాసిడ్ వదిలి, నా పళ్ళనే కరిగిస్తారు.

ఆ యాసిడ్‌ని విరిచేయడానికి లాలాజలానికి అరగంట పైనే పడుతుంది. ఈలోగా దర్శిని హోటల్లో ఇంకో బై-టూ కాఫీ. రోజుకు ఆరు.

కిందటేడు తోముతుంటే నురగ గులాబీ రంగులో కనిపించింది. బ్రష్ గుచ్చుకుంటోందనుకుని ఆ వైపు తోమడమే మానేశాను. చిగుళ్ళు వాచింది మీ వల్లేనని అప్పుడు తెలియదు. మీరెంత నవ్వుకున్నారో! కొన్నాళ్ళకి నాలుక పెడితే గరుకుగా తగిలింది. లాలాజల గ్రంథుల నోళ్ళు తెరుచుకునేది సరిగ్గా ఆ కింది పళ్ళ వెనకేనట, అందులోని కాల్షియమే మీకు సిమెంటు. గోడకి పూసేది గారే, పంటికి పట్టేదీ గారే. మనవాళ్ళు పేరు ఊరికే పెట్టలేదు.

గార కట్టాక బ్రష్ ఏం పీకలేదు, డాక్టరమ్మ మెషిన్ పెట్టాల్సిందే. "క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయిరా" అని అమ్మ ఫోన్లో ఒకటే టెన్షన్. చేయించాక సందులు కనిపించిన మాట నిజమే. అక్కడ ఇన్నాళ్ళూ మీరున్నారు, అంతే.

ఇకపై పొద్దున, రాత్రి రెండేసి నిమిషాలు, బ్రష్ చిగురు వైపు వాల్చి ఫ్లోరైడ్ పేస్టుతో తోముతాను. సందులకి దారం. బై-టూలు రెండే, చక్కెర లేకుండా.

ఇది రాస్తుండగానే పొర పడే ఉంటుంది. పడనీండి. రాత్రి పదకొండుకి ఖాళీ చేయండి.

ఇట్లు,
31 పళ్ళ ఓనరు