సాక్ష్యం చెప్పాక మాత్రలు ఆపొద్దు

స్వస్థత కూటాల్లో ప్రార్థనతో రోగం నుంచి విడుదల పొందామని సాక్ష్యం చెప్పినవారిలో కొందరు, మాత్రలు మానేసి, కొన్నాళ్లకే మళ్లీ ఆసుపత్రి మెట్లెక్కుతున్నారు. దీనికి వాళ్ల విశ్వాసాన్ని తప్పుపట్టలేం. దేవుడికీ డాక్టరుకూ పోటీ పెట్టే ప్రసంగాలదే ఈ పాపం.

క్షయనే చూడండి. మొదటి 2 నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్. తర్వాతి 4 నెలలు పైరజినమైడ్ తీసేసి మిగతా మూడూ. మాత్రలు మొదలెట్టిన కొన్ని వారాలకే జ్వరం దిగుతుంది, దగ్గు తగ్గుతుంది, అన్నం సయిస్తుంది. సరిగ్గా అప్పుడే రోగి మైకు ముందుకొస్తాడు. అతను అబద్ధమాడడం లేదు, ఒళ్లు నిజంగానే తేలికపడింది. కానీ ఊపిరితిత్తుల్లో మొండి క్రిములు ఇంకా బతికే ఉంటాయి. మాత్రలు మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, ఒక్కోసారి రిఫాంపిసిన్‌కే లొంగకుండా పోతుంది. ఆ మొండి జబ్బే ఇంట్లో పిల్లలకూ అంటుకోవచ్చు. పైగా రిఫాంపిసిన్ మింగితే మూత్రం ఎర్రగా వస్తుంది. ముందే చెప్పేవాళ్లు లేకపోతే రక్తమేమోనని హడలిపోతారు, ‘మందులు పడట్లేదు, ప్రార్థన చాలు’ అనేవాళ్ల మాట అప్పుడు బాగా చెవికెక్కుతుంది.

మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ రావచ్చు. టైప్-1 మధుమేహంలో ఇన్సులిన్ మానేస్తే రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది.

వైద్యం చేతులెత్తేసిన మంచం దగ్గర ప్రార్థన ఇచ్చే ధైర్యం ఏ మాత్రా ఇవ్వదు, నిజమే. బైబిల్లో మందు లేకుండా బాగుపడ్డవాళ్లూ ఉన్నారు.

అదే బైబిల్లో రెండో రాజుల గ్రంథం 20వ అధ్యాయం తీయండి. హిజ్కియా రాజును బాగుచేస్తానని, 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడే మాటిచ్చాడు. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి కురుపు మీద వేయించాడు. సాక్షాత్తు దేవుడు మాటిచ్చాక కూడా పట్టు వేశారు! ఇక అపొస్తలుడు పౌలు తన ఒంట్లో ముల్లులా గుచ్చే బాధను తీసేయమని మూడుసార్లు వేడుకుంటే వచ్చిన జవాబు ‘నా కృప నీకు చాలును’. పౌలుకు విశ్వాసం చాలలేదని ఏ పాస్టరైనా అనగలడా? బాగుపడని కూలిమనిషిని మాత్రం ఆ మాట అనేస్తారు. రోగానికి తోడు నిందనూ మోయిస్తారు.

తెలుగు క్రైస్తవం మరిచిపోయిన ఆస్తి ఒకటుంది. 1883లో గుంటూరొచ్చిన లూథరన్ మిషనరీ అన్నా కుగ్లర్ డాక్టరు. డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రిని నిలబెట్టిన ఇసబెల్ కెర్ కూడా డాక్టరే. ప్రార్థనకు జోడించిన ఆ చేతులే సూదీ పట్టాయి. అలాంటి నేల మీద ఇవాళ మందుచీటీ పక్కనపెట్టి తైలం సీసా చేతికిస్తున్నారు!

క్షయ రోగిని సాక్ష్యానికి పిలిచే ముందు పాస్టరు అడగాల్సింది ఎంతో లేదు. ఏం మందు వాడుతున్నావు, ఇంకా ఎన్ని నెలలుంది, కఫం పరీక్ష ఎప్పుడు చేయించావు. కోర్సు పూర్తయి, కఫంలో క్రిములు లేవని రిపోర్టు వచ్చాకే మైకు ఇవ్వాలి. అప్పటిదాకా ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక, ఈ వారం మాత్రలు వేసుకున్నావా అని సంఘపెద్ద ఒకరు అడిగితే చాలు.