విజిటర్ పార్కింగులో తులసమ్మ

హైదరాబాద్‌లో జాగా కబ్జా చేయాలంటే రౌడీలు కావాలని ఇంకా నమ్మేవాళ్లు ఒకసారి మా అపార్ట్‌మెంట్‌కి రావాలి. ఇక్కడ ఒక్క తులసి మొక్క చాలు.

మూడో అంతస్తు పెద్దమనిషి రెండో కారు కొన్నారు. ఆయనకున్న పార్కింగు ఒక్కటే. తెల్లారేసరికి విజిటర్ పార్కింగులో తులసి కోట వెలిసింది. పసుపు, కుంకుమ, దీపం, సరిగ్గా నాలుగు గీతల మధ్య ముగ్గు. రాత్రి కారు రాగానే తులసమ్మ గోడవారకు తప్పుకుంటుంది, పొద్దున కారు ఆఫీసుకెళ్లగానే మళ్లీ నడిమధ్యకు వస్తుంది. కోట కింద చక్రాలున్న సంగతి అందరికీ తెలుసు. అనేవాళ్లే లేరు.

జనరల్ బాడీ మీటింగులో ఒక రిటైర్డ్ ఉద్యోగి పాపం కాగితాలు పట్టుకొచ్చారు. స్టిల్ట్ పార్కింగు, అంటే బిల్డింగు కింద స్తంభాల మధ్య ఉండే పార్కింగు, ఉమ్మడి స్థలం, దాన్ని బిల్డర్ విడిగా అమ్ముకోకూడదని 2010లో ముంబై కేసులో సుప్రీంకోర్టు చెప్పిందన్నారు. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం రెరా ఓపెన్ పార్కింగును కూడా ఉమ్మడి ఆస్తిలోనే కలిపిందన్నారు. పార్కింగులో కనీసం 10 శాతం విజిటర్లకు వదలాలని 2012 బిల్డింగ్ రూల్స్‌లో ఉందన్నారు.

"అవన్నీ సరేనండీ, తులసమ్మను జరిపిన పాపం ఎవరు మోస్తారు?" అన్నారు ప్రెసిడెంటు గారు.

సుప్రీంకోర్టు అక్కడితో ఓడిపోయింది. కార్తీకమాసంలో కోటను కదపకూడదని రెండో అంతస్తు ఆంటీ గారు అన్నారు. అది వెళ్లాక చూద్దామంటే ధనుర్మాసం వస్తుందన్నారు. సంక్రాంతికి ముట్టుకుంటామా? పోనీ శివరాత్రి తర్వాత? అప్పటికి ఎవరి ఇంట్లోనో పెళ్లి. అలా పంచాంగమంతా తిరగేసి, చుట్టాల బండ్లు రోడ్డు మీదే పెట్టుకోవాలని తీర్మానించారు. అద్దెవాళ్లెవరో ఏదో అనబోయారు. వాళ్లకు మెయింటెనెన్స్ కట్టే హక్కే గానీ మాట్లాడే హక్కు లేదని గుర్తుచేసి కూర్చోబెట్టారు.

రెండో అంశానికి మాత్రం ఏ మాసమూ అడ్డు రాలేదు. ప్రెసిడెంటు గారి అబ్బాయికి కొత్త కారు వస్తోంది కాబట్టి వాచ్‌మన్ గది తీసేసి అక్కడ పార్కింగు చేయాలట. రెండు నిమిషాల్లో అందరూ చేతులెత్తి సరేననేశారు. పదడుగుల గది అది. నలుగురు పడుకుంటారు. తెల్లారకముందే లేచి మన కార్లు తుడిచేది ఆ మనిషి. అడ్డంగా పెట్టిన బండ్లు తోసేదీ, ఎవరి కారుకు గీత పడినా తిట్లు తినేదీ ఆయనే. బిల్డర్‌కి ఉమ్మడి స్థలం అమ్మే హక్కు లేదని వినగానే చప్పట్లు కొట్టారు కదా, ఆ గది ఒక్కరి కారుకు రాసిచ్చే హక్కు మీకెవరిచ్చారు? మొక్కను కదిపితే పాపం, మనుషుల్ని రోడ్డున పడేస్తే కాదా? ఒక్కరికైనా సిగ్గనిపించలేదా?

వాచ్‌మన్ కూతురికి మార్చిలో పదో తరగతి పరీక్షలు. అవి అయ్యేదాకా ఆగమని తండ్రి బతిమాలాడు. కారు డెలివరీ ఫిబ్రవరిలోనట, కుదరదన్నారు.