కాలు అందితే లైసెన్సు వచ్చినట్టే

మోటారు వాహనాల చట్టం 1988లోనే ఢిల్లీలో రైలెక్కింది గానీ అనంతపురం మాత్రం ఇంకా చేరలేదు. గుంతకల్లు జంక్షన్‌లో క్రాసింగ్ పడి ఆగిపోయినట్టుంది. అది వచ్చేదాకా ఊరు చేతులు కట్టుకుని కూర్చోలేదు కదా! అందుకే మనకు మనమే ఒక చట్టం చేసుకున్నాం. అందులో ఉన్నది ఒకే ఒక్క సెక్షను: సీటు మీద కూర్చుంటే కాలు నేలకు అందాలి. రెండూ అందాలనే పట్టింపు లేదు. ఒకటి చాలు. అదీ బొటనవేలు ఆనితే చాలు.

ఇంత సులువైన పద్ధతి ఉండగా ఢిల్లీవాళ్లు వేసిన చాదస్తపు లెక్కలు చూడండి. 16 నిండితే 50 సీసీ దాటని బండి. 18 నిండితే గేర్ల బైకు, కారు, పొలం ట్రాక్టరు. లారీ, బస్సు లాంటి రవాణా బండ్లకైతే 20 నిండాలి. పెళ్లికి మాత్రం మగపిల్లాడికి 21 అన్నారు. సంసారం కంటే పది టైర్ల లారీయే తేలికని తెలిసిన అనుభవజ్ఞులెవరో ఈ వయసులు పెట్టి ఉంటారు. ఆ ఒక్క విషయంలో చట్టానికి నేను దణ్ణం పెడతాను.

ఇక ఆ 50 సీసీ. పదహారేళ్ల పిల్లాడికి హక్కయితే ఇచ్చారు, బండి ఎక్కడుందో చెప్పలేదు. షోరూముకు పోయి అడిగి చూడండి, సేల్స్ కుర్రాడు మిమ్మల్ని కిందనుంచి పైదాకా చూస్తాడు. పాలక్యాన్లు మోసే ఎక్సెల్ కూడా దాదాపు 100 సీసీకి వచ్చేసింది. కాలేజీ పిల్లలు వేసుకెళ్లే స్కూటర్లు 110 సీసీ దగ్గరున్నాయి. హక్కు వాడుకోవాలంటే తాత గడ్డివాము వెనక తుప్పు పట్టి పడున్న పాత లూనాను లేపి ప్రాణం పోయాలి. ఆ లైసెన్సు దరఖాస్తు మీద మళ్లీ తల్లో తండ్రో సంతకం పెట్టాలట! మన నాయనలు సంతకంతో సరిపెట్టే మనుషులా? ఏకంగా తాళాలే చేతిలో పెడతారు.

గంటకు 25 కిలోమీటర్ల వేగం, 250 వాట్ల మోటారు దాటని కరెంటు బండికి లైసెన్సే అక్కర్లేదు. పిల్లలు దాన్ని ముట్టరు. పక్కనుంచి సైకిలువాడు దాటేసి పోతే పరువేం కావాలి?

మన చట్టం ఎంత చక్కగా అమలవుతోందో చూడాలనుకుంటే సాయంత్రం ట్యూషన్లు వదిలే వేళ సప్తగిరి సర్కిల్ దగ్గర నిలబడండి. ఒక స్కూటరు, ముగ్గురు పిల్లలు, మూడు బ్యాగులు. ముగ్గురిలో పొడుగ్గా ఉన్నవాడే డ్రైవరు. రిజర్వేషన్ లేదు, సిఫార్సు లేదు, పూర్తిగా మెరిట్. సిఫార్సు అవసరం తర్వాత పడుతుంది. కానిస్టేబుల్ ఆపి "లైసెన్సేదిరా?" అంటే వాడు జేబులోంచి ఫోన్ తీసి ఇస్తాడు.

"మా మామ మాట్లాడతాడంట సార్."

ఆ మామ ఎవరో, ఏ పార్టీయో తేలేలోపు ఇంకో నాలుగు బండ్లు దాటిపోతాయి. ఇంటి దగ్గర వాళ్ల నాయన అరుగు మీద కూర్చుని, "మావోడు ఏడో తరగతిలోనే బుల్లెట్‌కు డబుల్ స్టాండ్ వేసినాడబ్బా!" అని వచ్చేపోయేవాళ్లకు చెబుతుంటాడు. లెక్కల్లో వచ్చిన మార్కుల ప్రస్తావన మాత్రం ఆయన ఎప్పుడూ తేడు.

2019లో ఢిల్లీవాళ్లకు ఈ నాయన మీద కన్ను పడింది. మైనరు బండి నడుపుతూ నేరం చేస్తే తండ్రినో బండి ఓనరునో దోషిగా చూస్తారట. 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. తనకు తెలియకుండా జరిగిందని నిరూపించుకుంటే వదిలేస్తారు. దారి బాగానే ఉంది. కాకపోతే పుట్టినరోజు నాడు బండికి రిబ్బను కట్టి, కొడుకును ఎక్కించి, ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్న మనిషి "నాకేం తెలీదు సార్" అనాలంటే కొంచెం నటన వచ్చుండాలి.

హైవే మీద ఎవరికైనా తగిలితే లెక్క ఇంకోలా ఉంటుంది. లైసెన్సు లేనివాడు నడిపాడని తేలితే, ఇన్సూరెన్సు కంపెనీ బాధితులకు కట్టిన సొమ్మును బండి ఓనరు దగ్గర రాబట్టుకోవడానికి కోర్టులు ఒప్పుకుంటున్నాయి. అప్పుడు బీరువాలోంచి పొలం పాస్‌బుక్ బయటికొస్తుంది. ఫోన్‌లో మాట్లాడిన మామ ఆ రోజు కవరేజీ లేని చోట ఉంటాడు.

అన్నిటికంటే విచిత్రం పిల్లాడికి వేసిన శిక్ష. అలా దొరికినవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు ఇవ్వరు. అసెంబ్లీకి పోటీ చేయడానికి కావాల్సిన వయసు కూడా సరిగ్గా 25. అంటే మనవాడు నామినేషన్ పత్రమూ, ఎల్ఎల్ఆర్ దరఖాస్తూ ఒకే వారంలో నింపుకోవచ్చు. ఎల్ఎల్ఆర్ చేతికి రాకపోతే నామినేషన్ ర్యాలీలో ముందు బండి ఎవరు నడపాలనే టెన్షన్ అక్కర్లేదు. తొమ్మిదో తరగతి చదివే తమ్ముడు ఉండనే ఉంటాడు.