రోడ్డుకొక లెక్క, బస్సుకొక లెక్క

ఓఆర్ (బస్సులో సీట్లు నిండే శాతం) పడిపోయిందని పల్లెవెలుగు ట్రిప్పు ఎత్తేయడం దేవరకొండ, అచ్చంపేట వైపు ఊళ్లకు కొత్తేం కాదు. ముందు మధ్యాహ్నం బస్సు పోతుంది, తర్వాత నైట్‌హాల్ట్ బస్సు. అడిగితే ‘ఎక్కేవాళ్లు లేరు’ అన్న ఒక్కటే జవాబు. నల్లగొండ జిల్లా మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి దగ్గరికొచ్చేసరికి మాత్రం లెక్క తిరగబడుతుంది. రాబోయే ఏళ్లలో ఎన్ని బండ్లొస్తాయో అంచనా కట్టి, నాలుగు వరసలు చాలవు, ఆరు కావాలంటారు. రోడ్డుకేమో రేపటి గిరాకీ, బస్సుకేమో నిన్నటి టికెట్లు!

గిరాకీ ఏమన్నా దొడ్లో కట్టేసిన గొడ్డా, పోయి తలలు లెక్కపెట్టి రావడానికి? గంటకో బస్సుంటే, వేళ తెలియని ప్రయాణికుడు సగటున అరగంట నిలబడతాడు. మూడు గంటలకొకటైతే గంటన్నర. ఆ నిలబడ్డ సేపు కూడా చార్జీయే. కండక్టరు కొట్టని టికెట్టు అది. భరించలేనివాడు ఆటో ఎక్కుతాడు, లేదంటే అప్పు చేసి బైకు కొంటాడు. ఓఆర్ మరింత పడుతుంది, ఇంకో ట్రిప్పు పోతుంది. ట్రిప్పులు పెంచితే ఎదురుచూపు తగ్గి ప్రయాణికులందరికీ లాభమని ఆర్థికవేత్త హెర్బర్ట్ మోరింగ్ 1972లోనే లెక్కగట్టి చూపించాడు. మనవాళ్లు అదే చక్రాన్ని వెనక్కి తిప్పుతున్నారు. బస్సూ రాదు, ఎదురుచూసేవాడూ ఉండడు. సరఫరా, గిరాకీ సరిపోయినట్టే లెక్క!

ఆర్టీసీ మీద డీజిలు, జీతాల భారం ఉంది, కాదనం. కానీ 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు చార్జీ తీసేసిన మహాలక్ష్మి పథకం మొదలయ్యాక ఇవే పల్లెవెలుగులు వాళ్లతో కిక్కిరిశాయి. వాళ్లంతా అంతకుముందూ ఈ ఊళ్లలోనే ఉన్నారు కదా! చార్జీ తీసేస్తే పెరిగిన గిరాకీ, ట్రిప్పులు పెంచితే పెరగదా?

రోడ్డు సంగతీ అంతే. పట్నాల్లో వెడల్పు చేసిన దారులు రద్దీ వేళ మళ్లీ నిండిపోతాయని మరో ఆర్థికవేత్త ఆంథోనీ డౌన్స్ 1962లోనే చెప్పాడు. అలా నిండితే, ఇంకా వెడల్పు చేయాలనడానికి అదే సాకు. బస్సు నిండకపోతే తీసేయడానికి సాకు. కిక్కిరిస్తే మాత్రం ఇంకో బస్సు రాదు. ఇదెక్కడి న్యాయం?

ట్రిప్పు ఎత్తేసే కాగితం మీద సంతకం పెట్టే అధికారులు ఒక్కరోజు టికెట్ మిషన్ పక్కన పెట్టండి. కాలేజీ వేళకు ఆ ఊరి స్టేజీ దగ్గర నిలబడి, ఆటో వెనక కడ్డీ పట్టుకుని వేలాడే పిల్లల్ని లెక్కపెట్టండి. వాళ్లు ఏ ఓఆర్‌లో ఉన్నారో ఊరోళ్లకు చెప్పి, అప్పుడు తీయండి బస్సు.