క్రాఫ్ట్ దంపతుల తెగింపు ఊరికే పోలేదు

జూన్ 3 వచ్చిందంటే చాలు, వెండిరంగు సూటు తొడుక్కుని లావా అంచున నిలబడ్డ మనిషి ఫొటో మళ్లీ తిరగడం మొదలవుతుంది. కింద వ్యాఖ్య కూడా మారదు: నిప్పుతో చెలగాటమాడారు, నిప్పుకే బలయ్యారు. 1991లో జపాన్‌లోని ఉన్‌జెన్ అగ్నిపర్వతం దగ్గర చనిపోయిన ఫ్రెంచ్ దంపతులు, అగ్నిపర్వత శాస్త్రవేత్తలు కాత్యా, మోరిస్ క్రాఫ్ట్‌లను ఇలా తలుచుకోవడం కన్నా మరిచిపోవడమే నయం.

మోరిస్‌కు దుడుకెక్కువే. ఇండోనేసియాలోని కవా ఇజెన్ సరస్సు నిండా ఉన్నది ఆమ్లం. 1971లో ఆయన దాని మీదకు రబ్బరు పడవేసుకుని బయల్దేరాడు. రసాయన శాస్త్రం చదివిన కాత్యా ఒడ్డునే ఉండిపోయింది. ఆ కాపురంలో లౌక్యం ఎవరి వాటాకు వచ్చిందో వేరే చెప్పాలా!

జనం ఇక్కడితో ఆగిపోతారు. నేను చెప్పాలనుకున్నది అర్మెరో అనే ఊరి గురించి. 1985 నవంబరు 13 రాత్రి కొలంబియాలో నెవాడో డెల్ రూయిజ్ అగ్నిపర్వతం పేలింది. శిఖరం మీది మంచు కరిగి, బూడిదను కలుపుకుని బురద వరదై దిగింది. అది అర్మెరో చేరేసరికి రెండున్నర గంటలు పట్టింది. నడిచి గట్టెక్కడానికి సరిపోయేంత సమయం. ముప్పు ఎక్కడెక్కడుందో చూపే మ్యాపు నెల ముందే తయారై ఉంది కూడా. అయినా 20 వేల మందికి పైగా ఆ బురదలో కలిసిపోయారు. మ్యాపు మీద రంగు గీత చూసి ఇల్లు వదిలి పరిగెత్తేవాడెవడు?

మోరిస్‌ను కదిలించింది అదే. కాలే బూడిద, వాయువుల నిప్పుమబ్బు కొండ దిగితే ఏమవుతుందో, బురద ఊరిని ఎలా మింగుతుందో కంటికి కట్టేలా వీడియో కూర్చాడు. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినాటుబో కదిలినప్పుడు, దాదాపు 500 ఏళ్లుగా గమ్మునున్న కొండ పేలుతుందంటే నమ్మని అధికారులకూ జనానికీ శాస్త్రవేత్తలు ఆ వీడియోనే వేసి చూపించారు. జనం కదిలారు. క్రాఫ్ట్‌లు పోయిన పన్నెండో రోజున, జూన్ 15న, పినాటుబో బద్దలైంది. 20వ శతాబ్దంలో అంతకన్నా పెద్ద విస్ఫోటం ఒక్కటే. ముందే ఖాళీ చేయించడం వల్ల కనీసం 5 వేల ప్రాణాలు దక్కాయని అంచనా.

ఉన్‌జెన్‌లో పోయిన 43 మందిలో అగ్నిపర్వత శాస్త్రవేత్తలు ముగ్గురే, మిగతా విలేకరులు, అగ్నిమాపక సిబ్బంది, టాక్సీ డ్రైవర్ల సంగతేమిటంటారా? న్యాయమైన ప్రశ్నే. ఖాళీ చేయమన్న చోట అన్ని కెమెరాలు గుమిగూడడం తప్పే. ఆ తప్పును తీసుకొచ్చి రెండు దశాబ్దాల పనికి అంటగట్టడమే నాకు మింగుడుపడదు.

క్రాఫ్ట్‌లకు యూనివర్సిటీ కుర్చీ లేదు. సినిమాలు, పుస్తకాలు, ఉపన్యాసాలే వాళ్ల బతుకుతెరువు. జనానికి అర్థమయ్యేలా మాట్లాడే శాస్త్రవేత్త కనబడితే ‘షోమ్యాన్’ అని మూతి విరిచే పెద్దమనుషులు ప్రతి శాస్త్రంలోనూ ఉన్నారు. సెన్సర్లకు, ఉపగ్రహాలకు కోట్లు పోస్తాం. ఆ యంత్రం చెప్పినదాన్ని కొండ కింద ఉన్న ముసలమ్మకు ఎవరు చెప్పాలంటే మాత్రం అందరూ పక్కవాడి వైపు చూస్తారు. అర్మెరోలో తెగిపోయింది సరిగ్గా ఆ ముక్కే.

వచ్చే జూన్ 3న ఆ వెండి సూటు ఫొటో పక్కనపెట్టి, పినాటుబో కింద వేసిన ఆ వీడియో వేయండి.