అంకె వేయని నాలుగు పుస్తకాలు: లేఖనాలపై లూథరన్ల దృష్టి

పదహారో శతాబ్దపు జర్మన్ సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ జర్మన్ భాషలోకి అనువదించిన కొత్త నిబంధన (బైబిలులో క్రీస్తుకు సంబంధించిన రెండో భాగం) 1522 సెప్టెంబరులో విట్టెన్‌బర్గ్‌లో అచ్చయింది. అందులోని విషయసూచికలో మత్తయి సువార్త మొదలు యోహాను మూడవ పత్రిక వరకు 23 పుస్తకాలకు వరుస అంకెలున్నాయి. ఆ తర్వాత కొంత ఖాళీ వదిలి హెబ్రీ, యాకోబు, యూదా పత్రికలను, ప్రకటన గ్రంథాన్ని అంకెలు లేకుండా విడిగా అచ్చు వేశారు. ఆ నాలుగింటినీ లూథర్ అనువదించాడు, వాటికి ముందుమాటలూ రాశాడు. అయినా తక్కినవాటి సరసన కూర్చోబెట్టలేదు.

దీన్ని ఒక సంస్కర్త మొండితనంగా కొట్టిపారేయడం సులువే గాని సరికాదు. అందరూ ఒప్పుకున్న పుస్తకాలు, కొందరు సందేహించిన పుస్తకాలు అనే విభజన నాలుగో శతాబ్దంలో బిషప్ యూసేబియస్ రాసిన సంఘ చరిత్రలోనే ఉంది. లూథర్ దానికి జోడించిన కొలబద్ద మాత్రం కొత్తది. క్రీస్తును ప్రకటించనిది పేతురో పౌలో చెప్పినా అపొస్తలుల (క్రీస్తు పంపిన తొలి బోధకుల) బోధ కాదని, ప్రకటించేదైతే క్రీస్తును పట్టించిన యూదా ఇస్కరియోతు, ఆయనకు మరణశిక్ష వేసిన పిలాతు చెప్పినా అపొస్తలుల బోధే అవుతుందని యాకోబు పత్రిక ముందుమాటలో అతడు తెగేసి చెప్పాడు. రచయిత ఎవరన్న ప్రశ్నను పక్కకు జరిపి, పుస్తకం దేన్ని చాటుతున్నదన్న ప్రశ్నను ముందుకు తేవడమే ఇందులోని సాహసం.

యాకోబు పత్రికను గడ్డితో పోల్చిన మాటను విమర్శకులు ఇప్పటికీ ఎత్తిచూపుతారు. రోమా, గలతీ వంటి పత్రికల పక్కన పెట్టి చూస్తే అన్న షరతు ఆ మాటకు ఉందనీ, తర్వాతి ముద్రణల్లో ఆ వాక్యమే లేదనీ చెప్పేవారు తక్కువ. అదే పత్రిక మనుషుల కల్పనలను కాక దేవుని ధర్మశాస్త్రాన్ని గట్టిగా బోధిస్తుందని లూథర్ మెచ్చుకున్నాడు కూడా. క్రియలు లేకుండా విశ్వాసం వల్లనే మనిషి నీతిమంతుడవుతాడన్న పౌలుకు, విశ్వాసం ఒక్కటే చాలదన్న యాకోబుకు పొత్తు కుదరలేదన్నదే అతని అసలు ఇబ్బంది.

నా దృష్టిలో ఇంతకంటే ముఖ్యమైనది లూథరన్ల, అంటే లూథర్ బాటలో నడిచిన సంఘాల, ఒప్పుకోలు పత్రాల (తమ విశ్వాసమేమిటో ప్రకటించే పత్రాల) మౌనం. రోమన్ కాథలిక్ సంఘం 1546 ఏప్రిల్ 8న ట్రెంట్ మహాసభలో ప్రామాణిక గ్రంథాల పట్టికను శాసనంగా ప్రకటించింది. మరో సంస్కర్త కాల్విన్ బాటలో నడిచిన సంఘాలు తమ ఒప్పుకోళ్లలో పుస్తకాల పేర్లు వరుసగా రాసుకున్నాయి. 1580లో వెలువడిన లూథరన్ల ఒప్పుకోలు పత్రాల సంపుటి బుక్ ఆఫ్ కాంకార్డ్‌లో అలాంటి పట్టిక లేదు. ప్రవక్తల, అపొస్తలుల రచనలే సకల బోధలకూ ఏకైక ప్రమాణమని అందులో స్పష్టంగా ఉంది, ఆ రచనలు ఎన్నన్న లెక్క మాత్రం లేదు. దీన్ని పొరపాటుగా చూడలేం. తొలి సంఘం సందేహించిన దాన్ని తర్వాతి సంఘం ఆజ్ఞతో నిస్సందేహం చేయజాలదని ట్రెంట్‌ను విమర్శిస్తూ లూథరన్ పండితుడు మార్టిన్ కెమ్నిట్జ్ వాదించాడు. పట్టికను శాసించే అధికారం సంఘానికి ఇస్తే లేఖనం కంటే సంఘాన్ని పైన నిలిపినట్టే కదా!

ఆచరణలో దీని ఫలితం ఒక జాగ్రత్త: సందేహానికి గురైన పుస్తకాలను చదవవచ్చు, ప్రసంగించవచ్చు, వాటి ఆధారంతోనే ఒక సిద్ధాంతాన్ని నిలబెట్టకూడదు. మరణించినవారి ఆత్మలు శుద్ధి పొందే స్థలం ఉందన్న బోధకు, హీబ్రూ బైబిలులో లేని మక్కబీయుల రెండవ గ్రంథాన్ని ఆధారంగా చూపినప్పుడు లూథర్ అంగీకరించకపోవడం కూడా ఈ కోవలోనిదే. అయినా 1534 నాటి పూర్తి బైబిలులో అలాంటి గ్రంథాలను అతడు వదిలేయలేదు. లేఖనాలతో సమానం కావు గాని చదవడానికి మేలైనవి అన్న శీర్షిక కింద రెండు నిబంధనల మధ్య చేర్చాడు.

ఈ పద్ధతికి ప్రమాదమూ ఉంది. క్రీస్తును చాటేదే కొలబద్ద అయితే, నచ్చని వచనాన్నల్లా చాటడం లేదని తోసిపుచ్చే వీలు చదివేవాడి చేతికి వస్తుంది. లూథర్ కూడా ప్రకటన గ్రంథం తన మనసుకు పట్టడం లేదని 1522లో రాసి, 1530లో దానికి సుదీర్ఘమైన కొత్త ముందుమాట రాయవలసి వచ్చింది. ఆ తర్వాతి కాలపు లూథరన్లు పట్టిక గురించి పోట్లాడుకోవడం దాదాపు మానేశారు. 1974లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో లూథరన్ పాదిరులకు శిక్షణనిచ్చే కాంకార్డియా సెమినరీ అధ్యాపకుల్లో అత్యధికులు బయటికి నడిచిన వివాదం కూడా ఏ పుస్తకం ఉండాలన్న దాని మీద కాదు, ఉన్న పుస్తకాలను చారిత్రక విమర్శ పద్ధతిలో (ఇతర ప్రాచీన రచనల్లాగే ఎప్పుడు, ఎలా పుట్టాయో పరిశీలిస్తూ) చదవవచ్చునా అన్న దాని మీద.

అంకెల తేడా నేడు లేదు. అయితే 2017లో సవరించిన జర్మన్ లూథర్ బైబిలులో హెబ్రీ పత్రిక కోసం ఫిలేమోను పత్రిక తర్వాతి పుట తిప్పితే అది కనిపించదు. యోహాను మూడవ పత్రిక దాటాక, యాకోబు పత్రికకు ముందు, 1522లో ఉన్న చోటనే ఉంటుంది.